ఈ పూట ఆటకు మాత్రం

న్యూజెర్సీలో అక్కావాళ్ళింటికి వెళ్ళినవాళ్ళు చూసేవన్నీ నేనూ చూశాను. లిబర్టీ విగ్రహం, నయాగరా, ఓక్ ట్రీ రోడ్డులో దోసెలు. ఆ ఫొటోలు మీ ఫోన్లలోనూ ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు ఒళ్ళు మండింది న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో, ఓ పాటల నాటకానికి వెళ్ళినప్పుడు, అరచేయంత కాగితం ముక్క దగ్గర.

టికెట్టు బావ కొన్నాడు. ఆన్‌లైన్ ఫీజు కలిపితే, మా తెనాలిలో మంచి ఇంటికి నెల అద్దె. "అమెరికాకొచ్చి రూపాయల్లో లెక్కేయకు బావమరిదీ" అని ఊరుకోబెట్టాడు. టైమ్స్ స్క్వేర్ ఎర్రమెట్ల కింద సగం ధర టికెట్ల క్యూ ఉంటుందని తెలుసు. కానీ ఆ నాటకంలో హీరోయిన్‌గా వేస్తున్న నటి ఉండగానే చూడాలని అక్క పట్టు. ఫలానా తేదీ తర్వాత ఆవిడ ఒప్పందం అయిపోతుందట. సీట్లో కూర్చుని, నటుల వివరాలుండే ప్లేబిల్ పుస్తకం తెరవగానే అందులోంచి ఓ స్లిప్పు ఒళ్ళో పడింది. ఈ పూట ఆటకు హీరోయిన్ పాత్రను వేరొకరు పోషిస్తారని రాసుంది.

లేచి బుకింగ్ కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడున్నాయన విసుక్కోకుండా చెప్పాడు: నటి పేరు నాటకం పేరుకి పైన ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు, కింద ఉంటే లేదు. బయటికొచ్చి పోస్టరు చూశాను. ఫొటో నిలువెత్తుంది, పేరు మాత్రం కింద. ఫొటోకి ఇన్ని డాలర్లు తీసుకున్నప్పుడు పేరు ఎక్కడుంటే ఏమిటి?

మా వైపు పద్యనాటకాల్లో కృష్ణుడు మారడం కొత్తేం కాదు. పడకసీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన. కానీ అది కరపత్రంలోనే వేసేవారు, జనం ఆ మార్పు కోసమే వచ్చేవారు. వేసిన పేరు రాకపోతే కాంట్రాక్టరు పని అయినట్టే! ఇక్కడేమో స్లిప్పు చూసి నా చుట్టుపక్కలవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. పక్క సీటు కుర్రాడైతే ఈల వేశాడు.

బదులు వచ్చిన అమ్మాయి బాగా పాడింది, కాదనను. రెండో అంకంలో పెద్ద పాటకి హాలంతా లేచి నిలబడింది, నేనూ లేచాను. లేవకపోతే స్టేజీ కనపడదు.

తర్వాత పెన్ స్టేషన్‌లో ఎప్పటిలాగే ప్లాట్‌ఫాం నంబరు ఆఖరి నిమిషంలో పడటం, అందరం పరిగెత్తడం. ఎదుటి సీట్లో చూస్తే ఆ ఈల కుర్రాడే. రైలు సొరంగంలో ఎందుకో ఆగిపోయింది. నా కోపం వెళ్ళగక్కితే నవ్వి, తనూ ఆడిషన్లకి తిరుగుతున్నానని చెప్పాడు. మిగతా సాయంత్రమంతా నాకు లీలగానే గుర్తుంది గానీ, ఆ ఆగిన రైలు మాత్రం బాగా గుర్తుంది.

వారానికి ఎనిమిది ఆటలు ఏ గొంతూ తట్టుకోదన్నాడు. అందుకే ఇన్ని రకాల మనుషులు. రోజూ చిన్న వేషం వేస్తూ పెద్ద వేషం నేర్చుకుని ఉండేవాళ్ళు అండర్‌స్టడీలు. అసలు స్టేజీ ఎక్కకుండా పిలిస్తే చాలన్నట్టు సిద్ధంగా ఉండేవాళ్ళు స్టాండ్‌బైలు. గుంపులోని చాలామంది అడుగులన్నీ బుర్రలో పెట్టుకునేవాళ్ళు స్వింగ్‌లు. ఎవరైనా మారితే బయట బోర్డు, చేతిలో స్లిప్పు, మైకులో ప్రకటన, ఈ మూడింట్లో కనీసం రెండుండాలని నటుల యూనియన్ ఈక్విటీ నియమమట.

2022లో బ్రాడ్‌వేలో ఆడిన ‘ఫన్నీ గర్ల్’ నాటకం వెనక కథ అతను చెబుతుంటే సీరియల్ విన్నట్టే ఉంది. హీరోయిన్‌గా వేస్తున్న బీనీ ఫెల్డ్‌స్టీన్ అనుకున్నదానికంటే ముందే తప్పుకుంది, ఆగస్టంతా స్టాండ్‌బై జూలీ బెంకో లాక్కొచ్చింది, సెప్టెంబరు 6న పేరున్న నటి లియా మిషెల్ ఆ పాత్రలో దిగింది. టికెట్లకి రెక్కలొచ్చాయి. బెంకోకి గురువారాలు మిగిలాయి. ‘హలో, డాలీ!’ నాటకంలో అయితే 1964లో కరోల్ చానింగ్ మొదలుపెట్టిన పాత్రని జింజర్ రోజర్స్, పెర్ల్ బెయిలీ, ఎథెల్ మెర్మన్ దాకా ఎందరో వేశారు. అంటే ఒక్కో పేరు వచ్చినప్పుడల్లా మళ్ళీ టికెట్లు అమ్ముకున్నారన్నమాట. పాత్రే గొప్పది, మనిషి కాదు అని అతనంటాడు. మరి ధర మనిషిని బట్టి పెరుగుతుందేం అని నేనంటాను. దానికి అతని దగ్గర జవాబు లేదు.

కొత్తగా వచ్చిన వాళ్ళకి ‘పుట్-ఇన్’ అని ఒకే ఒక్క పూర్తి రిహార్సల్ ఉంటుందట, వాళ్ళు మాత్రం వేషంలో, మిగతావాళ్ళంతా మామూలు బట్టల్లో. ఊహించుకుంటేనే నాకు టెన్షన్ వచ్చింది.

అప్పుడు సంచిలోంచి తన ఫైలు తీశాడు. స్వరాల కాగితాలు పియానో ఆయన ఒక్క చేత్తో తిప్పుకునేలా సర్ది ఉన్నాయి. ఆడిషన్లు జరిగే ఎనిమిదో అవెన్యూ స్టూడియోల ముందు తెల్లవారకముందే లైను కడతారట. ఈక్విటీ కార్డు లేనివాళ్ళని ఖాళీ ఉంటేనే పిలుస్తారు, సాయంత్రం దాకా కూర్చుని ఇంటికెళ్ళిన రోజులే ఎక్కువ. పిలిస్తే పాడేది పదహారు బార్లు, అంటే పాటలో చిన్న ముక్క, నిమిషం కూడా ఉండదు. ఆ నిమిషానికి ఎన్ని మర్యాదలో! పియానో ఆయనకి వేగం చెప్పాలంటే చిటికెలు వేయకూడదు, మెల్లగా రెండు ముక్కలు పాడి చూపాలి. బల్ల వెనక కూర్చున్నవాళ్ళతో తనంతట తాను చేయి కలపకూడదు. వాళ్ళ కళ్ళలోకి కాక, తలల పైన చూస్తూ పాడాలి. జలుబు చేసిందని ముందే చెప్పుకోకూడదు. "థాంక్యూ" అనగానే ఇంకో పాట పాడనా అని అడగకుండా బయటికి నడవాలి.

లిఫ్టులోనూ, లైన్లోనూ ఎవరి గురించీ చెడుగా అనకూడదట, పక్కనున్నది ఎవరో తెలీదు. మరొకరు వేసిన పాత్రకి వెళ్ళినప్పుడు వాళ్ళని అనుకరించకూడదు, వాళ్ళకంటే బాగా చేస్తానని అననేకూడదు. ఈ మాట నాకు నచ్చింది. మన దగ్గర ముందు వేసినవాణ్ణి నాలుగు మాటలనకుండా కొత్తవాడు నోరు తెరవడు.

"అసలావిడకి జ్వరం రావాలని అండర్‌స్టడీ కోరుకోదా?" అనడిగాను. 1954లో ‘ది పజామా గేమ్’లో కరోల్ హేనీ మడమ దెబ్బతింటేనే కదా ఆవిడ అండర్‌స్టడీ షర్లీ మెక్లేన్ వెలుగులోకి వచ్చిందని నవ్వాడు. కోరుకున్నా, "గొంతు ఎలా ఉంది?" అని మాత్రం ఆవిణ్ణి అడగకూడదట. రైలు కదిలింది. రావే స్టేషన్లో దిగిపోయాడు.

ఇంటికెళ్ళేసరికి బావ మెలకువగానే ఉన్నాడు. పేరు పైన, పేరు కింద అన్న సంగతి చెప్పాను. నా మాట పూర్తికాకుండానే ఫోన్ తీసి, దసరాకి వచ్చే వాళ్ళమ్మ కోసం కొన్న టికెట్ల పోస్టరు వెతికాడు. అందులోనూ కిందే ఉంది.