పెన్నీ పడేదాకా ఆగిన మాస్టారు

మన పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాసి పంపి తీరాలని నిర్వాహక సంఘం వారు పట్టుబట్టారు. హాస్టలు సాంబారు గురించీ, వార్షికోత్సవం నాడు ఊడిపడిన తెర గురించీ రాసేవారు మనలో చాలామంది ఉన్నారు కనుక, పదో తరగతి ‘బి’ సెక్షనులో మన ఇంగ్లీషు మాస్టారు ‘ది పెన్నీ డ్రాప్డ్’ అన్న నుడికారం చెప్పిన మధ్యాహ్నాన్ని నేను ఎంచుకున్నాను.

‘అప్పటికి గాని విషయం బోధపడలేదు’ అని అర్థం చెప్పి ఆయన వాచకంలోకి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. పెన్నీ వేస్తే పోస్టుకార్డు ఇచ్చే పెర్సివల్ ఎవెరిట్ యంత్రం 1883 ప్రాంతంలో లండన్ రైల్వే స్టేషన్లకు వచ్చిన సంగతి మొదలుకొని, ఆ తరువాత ప్లాట్‌ఫారాల మీద వెలిసిన మిఠాయి యంత్రాల దాకా చెప్పుకొచ్చారు. నల్లబల్ల మీద పైన సన్నని చీలిక, దాని కింద వాలుగా గొట్టం, గొట్టం చివర నాణెం బరువుకు వంగే మీట, మీట వంగితే తెరుచుకునే గడియ గీశారు. నాణెం గొట్టంలో ఇరుక్కుంటే యంత్రం ఉలకదు, పలకదు. మనిషి నిలబడి చూస్తాడు, అరచేత్తో ఒకటి చరుస్తాడు. నాణెం ఠంగుమని పడ్డాకే సరుకు బయటికి వస్తుంది. మన స్టేషనులో రంగుదీపాల బరువు యంత్రం ముందు పడిగాపులు పడ్డ మనకు ఆ బొమ్మను విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది.

“నాణెం ఎప్పుడో వేశాం, పడటమే ఆలస్యం” అని ఆయన అన్న మాటలోనే ఆ నుడికారపు సారమంతా ఉంది. అందుకే మనం ‘సెంచరీ’ అని పిలుచుకునే మన తరగతివాడు కర్మణి ప్రయోగం దగ్గర నిలబడిపోయిన రోజున, బెల్లు కొట్టినా, పక్క సెక్షను వాళ్లు గుమ్మంలో మూగినా, చేతులు కట్టుకుని అలాగే ఆగారు. వాడు వాక్యం పూర్తి చేసినప్పుడు మనం కొట్టిన చప్పట్లు హెడ్మాస్టరు గదిదాకా వినిపించాయి.

ఆ మధ్య లీడ్స్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, 1971లో చెలామణి ఆగిపోయిన పాత పెన్నీ ఒకటి కొన్నాను. మన రూపాయి కంటే వెడల్పైన కంచు బిళ్ల. తొమ్మిది గ్రాములకు పైనే తూగుతుంది. అరచేతిలో పెట్టుకుంటే ఆ మీట ఎందుకు వంగేదో తెలిసింది.

ఇన్నేళ్లుగా గణితం చెబుతున్న నేను, లెక్క మధ్యలో ఆగిపోయిన పిల్లను కూర్చోమని ఎన్నడూ అనలేదు. అలా బోర్డు ముందు చాలాసేపు నిలబడిన విద్యార్థిని ఒకతె ఈ ఏడాది మా కాలేజీలోనే అధ్యాపకురాలిగా చేరి, తన తొలి పాఠానికి నన్ను పిలిచి ముందు బల్ల మీద కూర్చోబెట్టింది.