'ఆగు' అనడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది

పెళ్ళయిన నాలుగేళ్ళ దాకా మా ఇద్దరి మధ్య సెక్స్ జరగలేదు. ఈ ఒక్క ముక్క రాయడానికి నిన్న రాత్రి నుంచి టైప్ చేయడం చెరిపేయడం, ఇదే పని. ఇక రాసేశా కాబట్టి మిగతాది కూడా చెప్పేస్తా.

ఇష్టం లేక కాదు. దగ్గరయ్యేదాకా అంతా బాగానే ఉండేది, తీరా ఆ క్షణం వచ్చేసరికి లోపల గోడ కట్టేసినట్టు అయిపోయేది, మంట, కోసినట్టు నొప్పి, తొడలు వాటంతటవే బిగుసుకుపోయేవి. అందరికీ మొదట్లో ఇలానే ఉంటుందేమో అనుకుని పళ్ళ బిగువున ఓర్చుకునేదాన్ని. మా ఆయన "నొప్పిగా ఉందా" అనడిగితే "లేదు లేదు, పర్లేదు" అనేదాన్ని. ఈ 'పర్లేదు' గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే.

మొదట చూపించుకున్న డాక్టర్ పరీక్ష చేయబోతే నేను బల్ల మీద వెనక్కి వెనక్కి జరిగిపోయా. ఆవిడ విసుక్కుని గ్లవుస్ తీసేసి, అంతా నార్మలే, కాస్త రిలాక్స్ అవ్వాలమ్మా అంది. చూడకుండానే నార్మల్ అని ఎలా తెలిసిందో మరి. రిలాక్స్ అవ్వమంటే అయిపోవడానికి అదేమన్నా స్విచ్చా? ఆ మాటతో ఇంకో ఏడాదిన్నర ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు.

రెండో గైనకాలజిస్ట్ వేరే రకం. ఏం చేయబోతుందో ముందే చెప్పి, సరేనా అని అడిగి, పైపైన దూదిపుల్లతో మెల్లగా ఆనించి ఎక్కడ నొప్పి ఎక్కడ లేదు అని చూసింది. ఇన్ఫెక్షన్, చర్మం సమస్య, హార్మోన్లు తగ్గి పొడిబారడం, ఇలాంటివేవీ లేవని తేల్చుకున్నాకే వెజైనిస్మస్ అంది. యోని చుట్టూ ఉండే పెల్విక్ ఫ్లోర్ కండరాలు నా ప్రమేయం లేకుండానే బిగుసుకుపోతాయి, కంట్లోకి ఏదో వస్తోందంటే రెప్ప మూసుకుంటుంది చూడండి, అలా. నొప్పి వస్తుందని భయం, భయంతో బిగుసుకోవడం, దాంతో నిజంగానే నొప్పి, మళ్ళీ భయం. రిపోర్టులో మాత్రం జెనిటో పెల్విక్ పెయిన్ పెనెట్రేషన్ డిజార్డర్ అని రాసింది, చదవడానికే ఊపిరి చాలదు. నొప్పిని, బిగుసుకోవడాన్ని విడదీసి చూడడం కష్టమని 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో (మానసిక సమస్యల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టులు వేసే పుస్తకం) రెండిటినీ కలిపి ఈ పేరు పెట్టారట. పేరేదైనా, నాకది ఉందని ఒకరు అన్నందుకే బయటికొచ్చి ఏడ్చేశా.

ఇద్దరి దగ్గరికి వెళ్ళమంది, పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్ట్, సెక్స్ థెరపిస్ట్. రెండో మాట వినగానే మా ఆయన మొహం చూడాల్సింది. దారిలో చాలాసేపు గమ్మునుండి "ఆవిడ ముందు మనం ఏమైనా చేసి చూపించాలా" అనడిగాడు. నవ్వొచ్చింది కానీ నా భయం కూడా అదే.

వెతకడానికే రెండు నెలలు పట్టింది. చాలా చోట్ల ఎవరైనా ఆ పేరు తగిలించుకోవచ్చు, అదీ సమస్య. ఒకాయన నా ఇబ్బందేంటో పూర్తిగా వినకుండానే ఇంత కోర్సు, ఇన్ని రోజుల్లో గ్యారంటీ అన్నాడు. ఇంకొకాయన ఫొటోలు పంపమన్నాడు, బ్లాక్ చేసేశా. తర్వాత తెలివి తెచ్చుకుని ముందు అసలు చదువేంటో చూడడం మొదలుపెట్టా: సైకాలజీయో, సైకియాట్రీయో, కౌన్సెలింగో ఒక గట్టి డిగ్రీ ఉండాలి, దాని మీద సెక్స్ థెరపీలో విడిగా ట్రైనింగ్ అయ్యుండాలి. కొన్ని దేశాల్లో దీనికి సంస్థలున్నాయి, అమెరికాలో ఆసెక్ట్ 1967లో మొదలైంది, అది సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళ లిస్ట్ కూడా పెడుతుంది. ఫోన్‌లో నేను అడిగినవి కొన్నే. నా లాంటి కేసులు చూశారా, మా ఆయన కూడా రావాలా, ఫిజియోతో మాట్లాడుతూ ఉంటారా. ఆఖర్లో గొంతు పెగుల్చుకుని, మీరు ముట్టుకుంటారా అని. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. "ముట్టుకోను. నా ముందు మీరు బట్టలు విప్పరు, ఏదీ చేసి చూపించరు. ఇక్కడ మాటలే, చేసేవన్నీ మీ ఇంట్లో, తలుపేసుకుని. ఎవరైనా దీనికి భిన్నంగా చెప్తే లేచి వచ్చేయండి" అంది. అప్పుడే ఆవిడ దగ్గరికే వెళ్దామనుకున్నా.

మొదటి మూడు నాలుగు సెషన్లు ప్రశ్నలే, ఇద్దరినీ కలిపీ విడివిడిగానూ. చిన్నప్పుడు ఒంటి గురించి ఏం విన్నావు, మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు ఎవరేమన్నారు, ఎవరైనా ఇబ్బంది పెట్టారా, ఏం మందులు వాడుతున్నావు (కొన్ని డిప్రెషన్ మందులు కోరికని తగ్గిస్తాయట, నాకు తెలీదు). తర్వాత ఒక రూల్ పెట్టింది, తను చెప్పేదాకా సెక్స్‌కి అసలు ప్రయత్నమే చేయొద్దని. డబ్బులిచ్చి మరీ వద్దనిపించుకున్నాం అనుకున్నాం. కానీ ఆ రాత్రి ఎన్నాళ్ళకో ఆయన భుజం మీద తల పెట్టుకుని పడుకున్నా, ఎందుకంటే అంతకుముందు కౌగిలించుకోవాలన్నా ఇది ఎక్కడికి పోతుందో అన్న లెక్కే ఉండేది.

ఇంటి పని పేరు సెన్సేట్ ఫోకస్, 1970లో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు లోకానికి చెప్పిన పద్ధతి. ఒకరు తాకాలి, ఇంకొకరు ఊరికే ఉండాలి, తర్వాత వంతు మారాలి. మొదట్లో రొమ్ములు, జననాంగాలు నిషిద్ధం. ఉద్రేకం కోసం కాదు, వెచ్చగా ఉందా, గరుగ్గా ఉందా, నున్నగా ఉందా అని గమనించడానికి. మొదటి రెండు సార్లూ చక్కిలిగిలి పుట్టి పకపకా నవ్వుకున్నాం. మూడోసారి ఆయన మోకాలి వెనక నిమిరాడు, నాకు నచ్చలేదు, గమ్మునున్నా. తర్వాతి సెషన్‌లో అది బయటికొచ్చింది. చెప్పారా అంది, లేదన్నా, ఎందుకంది. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళూ నేను నోటితో 'పర్లేదు' అంటుంటే నా బదులు నా ఒళ్ళు 'వద్దు' అంటోందా అనిపించి అక్కడే ఏడుపొచ్చేసింది.

అప్పుడిచ్చింది అసలు హోంవర్క్. ప్రతిసారీ కనీసం రెండుసార్లు 'ఆగు' అనాలి, బాగున్నా సరే అనాలి. అనగానే ఆయన చెయ్యి తీసేయాలి, మొహం మాడ్చుకోకూడదు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది కదా, మొదటిరోజు నాకు గొంతే రాలేదు. అన్నా. చెయ్యి తీసేశాడు. అంతే, ఇంకేం జరగలేదు, ఎవరూ అలగలేదు, కొంప మునగలేదు.

ఫిజియో దగ్గర ముందు శ్వాస, పొట్ట నిండేలా పీల్చి కింది కండరాన్ని వదిలేయడం. అంతకుముందు ఎవరో చెప్పారని కీగల్ ఎక్సర్‌సైజులు, అంటే ఆ కింది కండరాల్నే బిగించి వదలడం, చేసేదాన్ని, ఇప్పటికే బిగుసుకున్నదాన్ని ఇంకా బిగిస్తారా అంది ఆవిడ. తర్వాత డైలేటర్లు, అంటే యోనిని మెల్లమెల్లగా అలవాటు చేయడానికి లోపల పెట్టుకునే నున్నటి గొట్టాల్లాంటివి, చిన్నవాటి నుంచి పెద్దవాటిదాకా ఉంటాయి, అన్నిటికన్నా చిన్నది చిటికెనవేలంత, లూబ్రికెంట్ రాసుకుని నా చేత్తో నేనే, నాకెంత వీలైతే అంతే. కొన్ని వారాలు ఆ డబ్బా బీరువాలోంచి బయటికే రాలేదు.

ఆరో నెలలో రూల్ తప్పాం. మళ్ళీ అదే నొప్పి, వారంపాటు మాటల్లేవు. ఈలోపు ఇంకోటి, నన్ను నొప్పిస్తానేమోనన్న భయంతో మా ఆయనకి అంగస్తంభన నిలవడం మానేసింది. థెరపిస్ట్ ఆయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడి, ముందు బీపీ, షుగర్ చూపించుకోండి, కొందరిలో గుండె రక్తనాళాల జబ్బు ముందుగా ఇలాగే బయటపడుతుంది అంది. అన్నీ బాగున్నాయి, భయమే. అప్పటిదాకా అది నా జబ్బు, ఆయన పాపం ఓపిక పడుతున్న మనిషి. ఆ రోజు నుంచి ఇద్దరం పేషెంట్లం, నిజం చెప్పాలంటే నాకు కాస్త తేలికైంది.

పదకొండో నెలలో జరిగింది. మధ్యలో రెండుసార్లు ఆగు అన్నా, రెండోసారి కాలు తిమ్మిరెక్కి. ఇప్పటికీ అలిసిపోయిన రోజుల్లో బిగుసుకుంటుంది, ఆ రోజుకి మానేస్తాం.

పోయిన వారం పాప్ స్మియర్‌కి, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సూచనలేమైనా ఉన్నాయా అని చూసే పరీక్షకి వెళ్ళా, నా జీవితంలో మొదటిసారి. డాక్టర్ పరికరం చేతిలోకి తీసుకుని దగ్గరికొచ్చింది, నా తొడలు బిగుసుకోవడం నాకే తెలిసింది. "ఆగండి" అన్నా. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని "చెప్పండి" అంది. ఏం లేదండీ, ఒక్క నిమిషం అన్నా.