బర్రె ఇచ్చే ముందు ఆమె రోజును లెక్కగట్టాలి

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో నిరుపేదల కోసం విడిగా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికే అది లక్షల మందికి చిన్న అప్పులు ఇస్తోంది. అయినా అట్టడుగు కుటుంబాలు ఆ అప్పుల సంఘాల దరిదాపులకు రాలేదు. కిస్తీ కట్టలేమన్న భయంతో కొందరు దూరంగా ఉండిపోయారు, కట్టలేరన్న అనుమానంతో మరికొందరిని సంఘాలే చేర్చుకోలేదు. అందుకని ఆ ఇళ్ల ఆడవాళ్లకు అప్పు బదులు ఆవునో మేకలనో ఇచ్చారు. కొన్ని నెలలు చేతిఖర్చు, వైద్యసాయం, పొదుపు అలవాటు, రెండేళ్లపాటు ఇంటికొచ్చి నేర్పే మనిషి, ఇవన్నీ కలిపి ఇచ్చారు.

ఇలాంటి కార్యక్రమంలో ఎవరికివ్వాలన్నది తేల్చడమే అన్నిటికంటే కష్టం. రేషన్ కార్డుల జాబితా ఇందుకు పనికిరాదు. ఊరివాళ్లనే కూర్చోబెట్టి ముగ్గుపిండితో నేలమీద ఊరి పటం వేయించాలి. నూటయాభై ఇళ్లు దాటితే వాడలవారీగా విడిగా చేయాలి, లేకపోతే చివరి ఇళ్ల సంగతి ఎవరికీ సరిగ్గా తెలియదు. పటంలోని ప్రతి ఇంటికీ ఒక చీటీ రాసి, ఊరివాళ్లతోనే ఏర్పడ్డ మూడు బృందాలకు వేర్వేరుగా ఇచ్చి కుప్పలు పెట్టించాలి. బాగా ఉన్నవాళ్లు మొదటి కుప్పలో, అందరికంటే లేనివాళ్లు చివరి కుప్పలో. కుప్పలెన్నన్నది బృందం ఇష్టం.

కుప్ప సంఖ్యను మొత్తం కుప్పలతో భాగించి వందతో గుణిస్తే ఆ ఇంటి మార్కు వస్తుంది. ఒక బృందం ఐదు కుప్పలు పెట్టి ఒకామె చీటీని ఐదోదాంట్లో వేస్తే 100. ఇంకో బృందం నాలుగు కుప్పల్లో మూడోదాంట్లో వేస్తే 75. మూడో బృందం ఐదింట్లో నాలుగోది అంటే 80. సగటు 85. బృందాల మధ్య తేడా మరీ ఎక్కువైతే సగటు తీసి ఊరుకోకూడదు. ఎందుకలా పెట్టారో అడగాలి, అసలు సమాచారం అక్కడే బయటపడుతుంది.

పథకం వస్తోందని ముందే పొక్కితే అందరూ చివరి కుప్పకే ఎగబడతారు. ఊరి పెద్దలు పక్కన నిలబడితే ఆడవాళ్లు నోరు విప్పరు. కొడుకు ఇంటి వెనక రేకుల కింద వేరుగా వండుకునే ముసలామెను కొడుకు ఇంట్లోనే కలిపేస్తారు, ఆమెకు విడిగా చీటీ రాయించాలి. నారాయణఖేడ్ వైపు తండాల్లో చెరుకు నరకడానికి వలసపోయే రోజుల్లో ఈ పని పెట్టుకుంటే, వెతుకుతున్న కుటుంబాలే ఊళ్లో ఉండవు.

ఆ తర్వాత ఇంటింటికీ వెళ్లి సరిచూసుకోవాలి. చాలామంది అక్కడ ఆస్తులు, అప్పులు రాసుకుని వచ్చేస్తారు. పశువును అందుకోబోయే ఆమె రోజు ఎలా గడుస్తుందో అడగరు. ఆ లెక్క ఎంత ముఖ్యమో ఉమ్మడి మెదక్ జిల్లాలో తేలింది.

2015లో ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్తాన్, పెరూ దేశాల్లో ఇదే తరహాలో చేసిన ప్రయోగాల ఫలితాలు ఒకేచోట వెలువడ్డాయి. కార్యక్రమం ముగిసిన ఏడాదికి కూడా మొత్తంమీద తిండి, ఆదాయం మెరుగ్గానే ఉన్నాయి. వాటిలో మన దేశపు ప్రయోగం పశ్చిమ బెంగాల్‌ది. హోండురాస్‌లో మాత్రం ఇచ్చిన కోళ్లు చాలావరకు రోగాలొచ్చి చచ్చిపోయాయి.

మెదక్‌లో ఎస్‌కేఎస్ స్వచ్ఛంద సంస్థ చేపట్టిన ఇలాంటి ప్రయోగానిది వేరే దారి. సాయం అందిన కుటుంబాలకూ అందనివాటికీ చివరికి ఆదాయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పశువుల రాబడి పెరిగింది, కూలి రాబడి తగ్గింది. అదే కాలంలో ఉపాధి హామీ పనులొచ్చాయి, వ్యవసాయ కూలి రేట్లూ పెరిగాయి. సాయం అందని ఇళ్లు కూలికి వెళ్లే అంతే పుంజుకున్నాయి. కొందరు ఇచ్చిన పశువును అమ్మి అప్పు తీర్చుకున్నారు. దాన్ని మోసమని రాసుకునేవాళ్లతో మేం ఏకీభవించం. వడ్డీ మెడమీద ఉన్న మనిషికి అది సరైన లెక్కే.

బర్రెకు పొద్దున, సాయంత్రం పాలు తీయడం, పేడ ఎత్తడం, గడ్డి కోసుకురావడం, నీళ్లు పెట్టడం కలిపి నాలుగైదు గంటలు పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లలో ఆమె ఒక్కతే ఉంటే ఆ గంటలు కూలిలోంచే పోవాలి. ఈనాక పది నెలల వరకు పాలిచ్చి బర్రె వట్టిపోతుంది. ఎండాకాలంలో దానికి మూగ ఎద వస్తుంది, అరుపూ, జిగట తీగలూ లేక ఎదకొచ్చిందని కనిపెట్టడం కష్టం. ఒక్క అదను తప్పితే మూడు వారాలు ఆగాలి. అలా ఈతకూ ఈతకూ మధ్య పదిహేను నెలలు దాటిపోతుంది. పాలు లేని నెలల్లోనూ మేత తప్పదు, కూలి మాత్రం పోతుంది.

కాబట్టి రెండు కాగితాలు కావాలి. మొదటిదాంట్లో ఆమె ఏ నెలలో ఎన్ని రోజులు కూలికి వెళ్తోంది, ఎంత వస్తోంది, ఇంట్లో పశువును చూసే ఇంకో చెయ్యి ఉందా అన్నది రాయాలి. రెండోదాంట్లో ఆ పశువు వల్ల మానుకోవాల్సిన రోజుల కూలి, మేత, దాణా ఖర్చు, వట్టి నెలలు. పాల డబ్బులోంచి ఇవన్నీ తీసేశాక మిగిలేదే లాభం. ఏమీ మిగలకపోతే ఊరి మందతో పాటు తోలగలిగే రెండు మూడు మేకలో, చిన్న కొట్టో నయం. ఆ ఎంపిక కూడా ఆమెదే కావాలి, లెక్క మాత్రం ఆమె ముందు పెట్టాలి.

వారం వారం వెళ్లే కార్యకర్తకు నేర్పాల్సిందీ ఇదే. టీకా వేయించారా, పొదుపు కట్టారా అనేవాటితో పాటు ఈ వారం ఎన్ని కూలి రోజులు వదిలేశారని అడిగి పుస్తకంలో రాయాలి. సాయం అందని ఇళ్లనుంచి కూడా ఇవే వివరాలు అదే పద్ధతిలో సేకరించాలి. ఆ ఇళ్లకు సాయం తర్వాతి విడతలో ఇస్తామని మొదటి రోజే ఊరందరి ముందూ చెప్పాలి.