మా అంబాసిడర్ రేకుకు ప్రైమర్ పడేలోపు

మా నాన్నగారి 1972 నాటి అంబాసిడర్ మార్క్ 2కు నిన్న సాయంత్రం ఎపాక్సీ ప్రైమర్, అంటే రంగు కింద రేకును తుప్పు నుంచి కాపాడే మొదటి పూత, పడింది. విశాఖ వంటి సముద్రపు ఊళ్లో పాత బండిని బాగుచేయించుకోదలచినవారికి పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

బండి విప్పడం, అద్దాలూ రబ్బరు బీడింగులూ తీయడం, రిమూవర్ పూసి పాత రంగు గీకడం సాఫీగానే జరిగిపోయాయి. వెనుక మడ్‌గార్డు మీద ఎవరో ఏనాడో పట్టించిన లప్పం వేలి మందాన ఊడివచ్చి, దాని కింద తూట్లు పడిన రేకు బయటపడితే, ఆ ముక్క కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం.

నన్ను ఏడిపించింది ఆ తరువాతి దశ. 80 నంబరు ఎమరీ కాగితంతో తెల్లగా రుద్దిన రేకును షెడ్డువాళ్లు సాయంత్రం నీళ్లతో తోమి, సరిగా ఆరబెట్టకుండానే రాత్రంతా వదిలేశారు. పొద్దున వెళ్లి చూస్తే టాపంతా ఎర్రటి పొర; ఒక అంచున ఎవరిదో అరచెయ్యి, అయిదు వేళ్లతో సహా, తుప్పుగా తేలింది. చెమటలోని ఉప్పు చేసే పని అదే. "ప్రైమర్ కొడితే అంతా కప్పుకుపోతుంది సార్, ఫోన్లో చూసొచ్చి మాకు నేర్పకండి" అని మేస్త్రీ నలుగురి ముందూ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అయినా నేను ఒప్పుకోలేదు. తుప్పు మీద కొట్టిన ప్రైమర్ తుప్పునే పట్టుకుంటుంది కాని రేకును పట్టుకోదు. కింద తుప్పు పెరిగినప్పుడు పైన ఎంత ఖరీదైన రంగున్నా పొక్కి లేస్తుంది. పైగా 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారీ ఆగిపోయిన బండి ఇది. ఉన్న రేకును కాపాడుకోవడమే మన చేతిలో ఉన్న పని.

తుప్పును కరిగించే ఆసిడ్ పూద్దామన్నారు. దాని శేషం పూర్తిగా పోకపోతే ఎపాక్సీ సరిగా పట్టదు కనుక అదీ వద్దన్నాను. చివరికి నేను పక్కనే నిలబడి, నీటిచుక్క తగలకుండా, మళ్లీ మొత్తం పొడిగానే రుద్దించాను. ఆపైన చేతులకు గ్లవ్స్ తొడిగించి, గ్రీజు తీసే ద్రావకాన్ని ఒక గుడ్డతో రేకుకు పూయించి, అది ఆరిపోకముందే రెండో పొడి గుడ్డతో తుడిపించాను; ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు పోదు, పక్కకు జరుగుతుందంతే. మంచు బిందువు (గాలిలోని తేమ నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే రేకు వేడి కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి కనుక, మబ్బు విడిచి ఎండ కాసేదాకా స్ప్రే గన్ను పట్టనివ్వలేదు.

రుద్దిన రేకుకు ఆ రోజే ప్రైమర్ పడాలనీ, ప్రైమర్‌కు ముందు నీళ్లు వాడకూడదనీ బండి అప్పగించేటప్పుడే కాగితం మీద రాయించుకోండి. రాయనన్న షెడ్డుకు, ఎంత పేరున్నా, తాళాలు ఇవ్వకండి. మా బండికి ఎపాక్సీ గట్టిపడ్డాక 180 నంబరు ఎమరీతో గరుకు చేయించి, దాని మీదనే పలుచగా లప్పం పెట్టించబోతున్నాను.