ఒక అప్పలనర్సమ్మ, రెండు బ్లడ్ గ్రూపులు: మా ఆసుపత్రి ఆటోమేషన్‌తో నా అనుభవం

ఓపీ చీటీ దగ్గర్నుంచి డిశ్చార్జి బిల్లు దాకా అన్నీ ఆటోమేటిక్ చేసేస్తామని మా ఆసుపత్రిలో మొదలుపెట్టిన పని ఈ వారం ఓ కొలిక్కి వచ్చింది. కొలిక్కి రావడమంటే, కౌంటర్ దగ్గర జనం నా మీద అరవడం ఆగింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. విశాఖలో చిన్నాచితకా ఆసుపత్రులన్నీ ఇప్పుడు ఇదే దారి పట్టాయి కాబట్టి, ముందు ముందు ఎవరికైనా పనికొస్తుంది.

మాది మహారాణిపేట వైపు ఉన్న ఓ మోస్తరు ఆసుపత్రి. పేరు అడక్కండి. 1923 నుంచి కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి ఉన్న ప్రాంతం కాబట్టి చుట్టూ ఏ సందులో చూసినా స్కానింగ్ సెంటరో, మందుల షాపో, నర్సింగ్ హోమో కనబడుతుంది. మా పేషెంట్లలో గోపాలపట్నం, పెందుర్తి వాళ్లు ఎంతమందో, శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, ఆ పైన కోరాపుట్ నుంచి వచ్చేవాళ్లు కూడా అంతమంది. నేను ఫ్రంట్ ఆఫీస్ ఇన్‌చార్జిని. మెట్లెక్కుతుండగానే మనిషిని చూసి ఫైలు తీసి పెట్టగలనని మా స్టాఫ్ అంటారు. అది నిజమే, గొప్ప కోసం చెప్పుకోవట్లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే.

పెద్ద డాక్టరు గారికి రిజిస్టర్లే ఇష్టం. బెంగళూరులో కార్పొరేట్ ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన ఆయన కొడుకు, చిన్న డాక్టరు గారికి మాత్రం మా పాత సాఫ్ట్‌వేర్ చూస్తేనే చిరాకు. హైదరాబాద్ నుంచి ఓ కంపెనీని పిలిపించి కొత్త సిస్టమ్ పెట్టించారు.

చాలా పనులు నిజంగానే తేలికయ్యాయి. ల్యాబ్ మిషన్ నుంచి రిజల్టు నేరుగా రిపోర్టులోకి వచ్చేస్తోంది. హిమోగ్లోబిన్ 11.2 ఉంటే పొరపాటున 1.12 అని కొట్టేస్తామేమోనన్న భయం పోయింది. ఫార్మసీలో ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ మందులు ముందే ఎర్రగా కనబడుతున్నాయి.

గేటు దగ్గర ఆభా క్యూఆర్ అంటించాం. ఆభా అంటే ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు. ఫోన్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామా మా స్క్రీన్ మీదికి వచ్చి టోకెన్ పడుతుంది. కుర్రకారుకి హాయిగా ఉంది. పెద్దవాళ్లతోనే ఇబ్బంది. చాలామందికి ఇంకా ఆభా లేదు. ఇక్కడే తీసిద్దామంటే ఆధార్‌కి లింకైన ఫోను హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. ఓటీపీ అక్కడికి పోతుంది, కొడుకేమో మీటింగ్‌లో ఉంటాడు.

డిశ్చార్జి సంగతీ చెప్పాలి. వార్డు, ల్యాబ్, ఫార్మసీ లెక్కలన్నీ బిల్లులోకి వాటంతటవే చేరుతున్నాయి కాబట్టి మా వైపు పని నిమిషాల్లో అయిపోతోంది. క్యాష్‌లెస్ పేషెంట్‌కి, అంటే బిల్లు నేరుగా బీమా కంపెనీయే కట్టేవాళ్లకి, ఆ కంపెనీ డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో సర్క్యులర్ ఇచ్చింది. ఇదివరకు ఆలస్యమైతే "ఆసుపత్రి వాళ్లు ఇంకా పేపర్లు పంపలేదండీ" అని టీపీఏ వాళ్లు (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసేవాళ్లు) మా మీదికి తోసేసేవారు. ఇప్పుడు ఎన్నింటికి పంపామో స్క్రీన్ మీదే ఉంటుంది, పేషెంట్ తాలూకు వాళ్లకి అదే చూపిస్తున్నాను. ఇక డిశ్చార్జి సమ్మరీ రాయాల్సిన జూనియర్ డాక్టర్ క్యాంటీన్లో ఉంటే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చెయ్యలేదు.

ఇప్పుడు అసలు కథకి వస్తాను.

పాత సాఫ్ట్‌వేర్లోని రికార్డులన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాక, ఒకే మనిషికి రెండు మూడు నంబర్లున్న చోట్ల అన్నీ కలిపేస్తామన్నారు కంపెనీ వాళ్లు. దానికి 'డూప్లికేట్ క్లీనప్' అని పేరు. రాత్రిపూట దానంతట అదే నడుస్తుందట, మేం చెయ్యాల్సింది ఏమీ లేదట. ట్రైనింగ్ రోజునే నేను చెయ్యెత్తి అడిగాను. "బాబూ, ఇక్కడ పేర్లన్నీ ఒకలాగే ఉంటాయి, ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది దానికి?" అని. "అదంతా ఆల్గారిదమ్ చూసుకుంటుంది మేడమ్" అని కంపెనీ కుర్రాడు తర్వాతి స్లయిడ్‌కి వెళ్లిపోయాడు.

మా ప్రాంతం సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సింహాచలం అప్పన్న చల్లని చూపు వల్ల ఇక్కడ ఇంటికో అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ ఉంటారు. విజయనగరం వైపు వెళ్తే పైడితల్లమ్మ పేరున పైడిరాజులు, పైడమ్మలు. అనకాపల్లి వైపు నూకాంబిక పేరున నూకరాజులు, నూకాలమ్మలు. దేవుడి పేరు పెట్టుకోవడం జనం తప్పా?

ఆ క్లీనప్ అయిన కొన్నాళ్లకి అనకాపల్లి దగ్గర పల్లెటూరి నుంచి అప్పలనర్సమ్మ అనే ఓ పెద్దావిడ మోకాళ్ల నొప్పులకి రివ్యూకి వచ్చింది. నాకు తెలిసిన మనిషే. లోపల డాక్టరు గారు స్క్రీన్ చూసి, "సుగర్ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా? మూడు నెలల టెస్టు చేయించలేదేం?" అని గట్టిగా అడిగారు. ఆవిడకి సుగర్ లేదు. ఎప్పుడూ లేదు. కొడుకు చీటీ పట్టుకుని నేరుగా నా కౌంటర్ మీదికి వచ్చాడు.

"మా అమ్మకి సుగరెప్పుడొచ్చిందమ్మా? డబ్బుల్లాగడానికి నేని జబ్బులంటగడతారేటి?"

హాలంతా తిరిగి చూసింది. టోకెన్ల బోర్డు కింద కూర్చున్న వాళ్లలో ఒకరు ఫోన్ తీసి వీడియో కూడా మొదలెట్టారు. నేను రికార్డు తెరిచాను. ఎక్స్‌రే మోకాలిది, ఆవిడదే. ఇన్సులిన్ చీటీ ఆవిడది కాదు. కిందికి జరిపితే బ్లడ్ గ్రూప్ ఒక చోట బి పాజిటివ్, ఇంకో చోట ఓ పాజిటివ్. ఒకే మనిషికి! అంటే ఇంకొకావిడ రికార్డు ఇందులో కలిసిపోయింది. రక్తం ఎక్కించే ముందు మళ్లీ శాంపిల్ తీసి, దాత రక్తంతో సరిపోతుందో లేదో క్రాస్ మ్యాచ్ చేస్తారు కాబట్టి దీనివల్ల ప్రాణం మీదికి రాకపోవచ్చు. కానీ మందులకి ఎవరు క్రాస్ మ్యాచ్ చేస్తారు? నా ఒళ్లు చల్లబడింది. ఆ కొడుకుని లోపలికి తీసుకెళ్లి, నీళ్లిచ్చి కూర్చోబెట్టి, డాక్టరు గారితో చెప్పించి పంపాను.

సాయంత్రం మీటింగ్. కంపెనీ కుర్రాడు వీడియో కాల్‌లో ఉన్నాడు. "డేటా ఎంట్రీ లెవెల్లో ఇష్యూ ఉన్నట్టుంది సార్" అన్నాడు తడుముకోకుండా. చిన్న డాక్టరు గారు నా వైపు తిరిగి, "ట్రైనింగ్ సరిగ్గా విన్నారా మీరు?" అన్నారు. నా కింద పనిచేసే ఇద్దరమ్మాయిలు అక్కడే ఉన్నారు. ఇన్నేళ్ల సర్వీసులో నన్ను అలా ఎవరూ అనలేదు. ఇంటికెళ్లి అన్నం తినబుద్ధి కాలేదు.

అలాగని ఊరుకునే రకం కాదు నేను. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది, ఆడిట్ లాగ్ అంటారు. మర్నాడు మా సిస్టమ్స్ అబ్బాయిని పట్టుకుని ఆవిడ రికార్డుకి సంబంధించిన లాగ్ ప్రింట్ తీయించాను. రికార్డులు కలిపిన టైము అర్ధరాత్రి దాటి రెండుంపావు. యూజర్ పేరు చోట 'సిస్టమ్' అని ఉంది. ఆ టైముకి నేను కంచరపాలెంలో మా ఇంట్లో నిద్రపోతున్నాను.

ఎలా కలిపిందో కూడా కూపీ లాగాను. పేరు, ఆడా మగా, పుట్టిన తేదీ, ఫోను, ఈ నాలుగింట్లో మూడు కలిస్తే ఒకే మనిషి అని లెక్కట. ఇద్దరూ ఆడవాళ్లే. ఇద్దరి ఆధార్‌లోనూ పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంది, అది కూడా ఒకటే. అలాంటివాళ్లందరికీ సాఫ్ట్‌వేర్ జనవరి 1 అని తగిలించేస్తుంది. మా పెద్ద వయసు పేషెంట్లలో ఎంతమంది కొత్త సంవత్సరం రోజున పుట్టారో చూస్తే నవ్వొస్తుంది. ఇద్దరి ఇంటిపేరూ 'కె' అన్న పొడి అక్షరమే. ఒకరిది కర్రి, ఒకరిది కాండ్రేగుల. ఒక్క అక్షరమే కదా అని సాఫ్ట్‌వేర్ దాన్ని అసలు పట్టించుకోలేదు.

ఇక పేరు. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి చెబితే నాకు కళ్లు తెరుచుకున్నాయి. సౌండెక్స్ అని, వినడానికి ఒకలా ఉండే పేర్లని పట్టే ఓ పద్ధతి ఉంది. అమెరికాలో 1918లో పేటెంట్ తీసుకున్నది, అక్కడి జనాభా లెక్కల్లో ఇంటిపేర్లు వెతకడానికి వాడినది. డేటాబేస్‌తో పాటు ఊరికే వస్తుంది కాబట్టి వీళ్లు దాన్నే పెట్టేశారు. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో మొదటి అక్షరం ఉంచి, అచ్చులు వదిలేసి, జంట హల్లుని ఒకటిగానే లెక్కేసి, తర్వాతి హల్లుల్లో మూడింటికి అంకెలు వేస్తుంది, అంతే. ఆ కోడ్ కలిస్తే పేరు కలిసినట్టే. ఓపీ చీటీ వెనక కూర్చుని లెక్క వేశాను. అప్పలనర్సమ్మకి ఏ145. అప్పలమ్మకి ఏ145. అప్పలనాయుడికీ ఏ145! అప్పలరాజు ఏ146, అప్పలరెడ్డి కూడా ఏ146. పేరు ఎంత పొడుగున్నా మూడంకెల దగ్గర ఆగిపోతుంది. మన పేర్లలో తేడా ఉండేదేమో చివర్లో.

పోనీ నిజంగా కలపాల్సినవి కలిపిందా అంటే అదీ లేదు. ఎర్రయ్య పేరు ఒకసారి 'ఈ'తో, ఇంకోసారి 'వై'తో మొదలుపెట్టి రాస్తే ఆ ఒక్క మనిషీ దానికి ఇద్దరే. ఎందుకంటే మొదటి అక్షరం మారింది కదా.

ఆ చీటీ, లాగ్ ప్రింటూ తీసుకెళ్లి పెద్ద డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, కాసేపు నవ్వారు. తర్వాత కొడుకుని పిలిచి, "ఈవిడ్ని అడక్కుండా పేషెంట్ల రికార్డు మీద ఇంకేదీ చెయ్యొద్దు" అన్నారు. చిన్న డాక్టరు గారు సారీ చెప్పారు. అది మనసులోంచి వచ్చిందో లేదో నాకనవసరం.

కలపడం ఒక్క రాత్రి పని, విడదీయడం మాత్రం నరకం. కలిపినవి విడగొట్టే బటన్ వాళ్ల సాఫ్ట్‌వేర్లో లేదు! అడిగితే "అది కస్టమ్ రిక్వైర్‌మెంట్ మేడమ్, చార్జెస్ ఉంటాయి" అన్నారు. వాళ్లు పాడు చేసిన దానికి మనం డబ్బు కట్టాలన్నమాట. పెద్ద డాక్టరు గారు కంపెనీకి కట్టాల్సిన చివరి వాయిదా ఆపేసేసరికి అదే బటన్ ఉచితంగా వచ్చింది. ఆ తర్వాత మెడికల్ రికార్డు రూములో పనిచేసే బాబాయ్, నేను కూర్చుని పాత కేస్ షీట్లు దులిపి ఒక్కొక్కటీ విడదీశాం. కాగితం మీద ఉన్న సంతకం, ఊరి పేరు, భర్త పేరు చూసి ఇది కర్రి వారిది, ఇది కాండ్రేగుల వారిది అని చెప్పింది బాబాయే. ఆయన ఈ ఏడాది రిటైరవుతున్నాడు. ఆ గది ఖాళీ చేసి స్టోర్ రూము చేద్దామని మొన్నటిదాకా అనుకున్నారు. ఇప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఏదీ కలపదు. 'ఈ ఇద్దరూ ఒకరేనేమో చూడండి' అని జాబితా ఇస్తుంది, మేం చూసి నొక్కితేనే కలుస్తుంది. ఇంటిపేరు పూర్తిగా, తండ్రి లేక భర్త పేరు, ఊరు, ఫొటో, ఇవన్నీ లేనిదే కొత్త రిజిస్ట్రేషన్ ముందుకు కదలదు. ఆభా ఉన్నవాళ్లతో ఈ గొడవే లేదు, 14 అంకెల నంబరు ఎవరిది వాళ్లదే. అందుకే కొడుకులొచ్చిన రోజున ఓటీపీ చెప్పించి పెద్దవాళ్లకి కౌంటర్లోనే ఆభా తీసేస్తున్నాం.

ఇంకోటి, కొత్తగా చేరిన అమ్మాయిలకి నేను పట్టుబట్టి నేర్పిస్తున్నది. "మీరు అప్పలనర్సమ్మ గారేనా?" అని అడక్కూడదు. చెవులు సరిగ్గా వినబడని పెద్దావిడ దేనికైనా "ఆఁ" అంటుంది. "మీ పేరు చెప్పండమ్మా, ఏ ఊరు?" అని వాళ్ల నోటితోనే చెప్పించాలి. పేషెంట్‌ని కనీసం రెండు గుర్తులతో పోల్చుకోవాలని పేషెంట్ సేఫ్టీ పాఠాల్లో మొదటి పేజీలోనే ఉంటుంది. మొదటిరోజు ఓ పెద్దావిడ, "ఎప్పుడూ వత్తాను గదా, నా పేరే మర్సిపోనావేటి తల్లీ" అని నొచ్చుకుంది. నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

మీ ఆసుపత్రిలో ఇలాంటిది పెట్టేటట్టయితే డెమోకి డాక్టర్లనే కాదు, కౌంటర్లో కూర్చునేవాళ్లనీ పిలవమనండి. సేల్స్ వాళ్లు చూపించే నమూనాలో పేషెంట్ల పేర్లు రాహుల్ శర్మ, ప్రియా సింగ్ అని ఉంటాయి. మీ ఓపీ రిజిస్టర్లోంచి ఓ పేజీ పేర్లు ఇచ్చి, తేదీలు, ఫోన్లు మార్చేసి, దాని మీద నడిపి చూపించమనండి. రికార్డులు కలిపితే మళ్లీ విడగొట్టడం ఎలాగో అక్కడే చెయ్యమనండి. ఆడిట్ లాగ్ ఎక్కడుందో ముందే నేర్చుకోండి, అది లేకపోతే ఆ నింద ఈపాటికి నా నెత్తిన స్థిరపడిపోయేది. బిల్లు చివరి వాయిదా మాత్రం వీలైనంత ఆలస్యంగా ఇప్పించండి.

కిందటి నెల వాట్సాప్‌లో రిపోర్టులు వాటంతటవే వెళ్లే మాడ్యూల్ తెచ్చారు. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ నంబరు ఉన్నప్పుడు కోడలి రిపోర్టు మామగారి ఫోన్‌కి వెళ్తుంది కదా అని అడిగాను. ఈసారి తర్వాతి స్లయిడ్‌కి వెళ్లలేదు, రాసుకున్నాడు. ఆ మాడ్యూల్ ప్రస్తుతానికి ఆగింది.

విడదీయాల్సినవి ఇంకా కొన్ని జంటలు మిగిలే ఉన్నాయి, ఎక్కువగా శ్రీకాకుళం వైపువి. వాటి కేస్ షీట్లలోనూ ఊరి పేరు లేదు. రికార్డు మీద ఎర్ర గుర్తు పెట్టి, పాత మందుల చరిత్ర డాక్టర్లకి కనబడకుండా ఆపించాను. వాళ్లు రివ్యూకి వస్తే నన్ను పిలవమని కౌంటర్లో చెప్పి ఉంచాను.