కొనే అధికారం చేతికొచ్చాక

గుంటూరు మిర్చి యార్డులో కొనుగోళ్లు చూడడం మొదలుపెట్టినప్పుడు నా హోదా మేనేజరు. అధికారం మాత్రం కాటా దగ్గర చీటీ రాసే కుర్రవాడికి ఎంతో నాకూ అంతే. విజయవాడలో ఉండే మా యజమాని సరేనంటే తప్ప ఒక్క టిక్కీ, అంటే ఒక్క మిర్చి బస్తా కూడా కొనడానికి లేదు. తేజ రకం మిర్చి లాటు ముందు నిలబడి, రంగు చూసి, కాయ విరిచి, గింజల గలగల విని ఫోను చేసేవాణ్ణి. ఆయన ఎత్తేలోపు పక్క వ్యాపారి ధర చెప్పేసి ముందుకు వెళ్లిపోయేవాడు.

పోయిన లాట్లు సరే. అసలు నష్టం నాకు ఆలస్యంగా తెలిసింది. నేను సరుకు చూడడం మానేశాను. ఆయన ఒప్పుకోరని తోచిన లాటు దగ్గర ఆగేవాణ్ణే కాదు. ఫోనులో ఆయన చెవిన పడేది నా భయం జల్లెడ పట్టగా మిగిలినదే. అన్నీ తన చేతిలోనే ఉన్నాయని ఆయన నమ్మకం.

రెండో సీజనులో అడిగేశాను. రోజుకు 200 టిక్కీల వరకు నా ఇష్టమన్నారు. సాయంత్రం లెక్క పంపాలి. అందులో ఆయన చూసేది ఒకే గడి, సగటు ధర.

అక్కడే దారి తప్పాను. సరిగా ఆరని కాయ చవకగా దొరుకుతుంది. క్వింటాలుకు 300 తగ్గించానని మురిసిపోయాను. 14 శాతం తేమ ఉన్న కాయను 11 శాతానికి ఆరబెడితే క్వింటాలుకు మూడు కిలోలకు పైగా తరుగు. ధర 18 వేలనుకుంటే 600 రూపాయలు గాలిలో కలిసినట్టే. తాలు, అంటే రంగు పోయిన కాయ, ఏరే కూలి అదనం. ఇదంతా తెలియక చేశానా? తెలిసే చేశాను. ఆ గడి బాగుంటే ఆ పూటకు మెప్పు దక్కేది మరి.

నాలుగు రోజులు మింగలేక కక్కలేక, చివరికి చెప్పాను. ఆయన తిట్టలేదు. "తేమ మీటరు మన దగ్గర లేదా?" అన్నారు. ఉంది, గోదాములో, అట్టపెట్టెలో.

మర్నాటి నుంచి అది నా సంచిలోకి వచ్చింది. లెక్కలో తేమ, తాలు చేరాయి. ఆరబెట్టాక కిలో ఎంత పడిందన్నదే కొలత అయింది. ఒక్క విషయంలో మాత్రం నెల రోజులు వాదులాడుకున్నాం. చైనా కొనుగోళ్లు తగ్గి మార్కెట్ పడిపోతే దానికి నన్ను నిలదీస్తే ఎలా? నా ధరను ఆ రోజు యార్డు ధరతో పోల్చండి, రేపటి ధరతో కాదు అన్నాను. అయిష్టంగానే ఒప్పుకున్నారు.

ఇప్పుడు నా కింద ఒక కుర్రవాడున్నాడు. మొన్న నేను బ్యాంకులో ఉండగా ఫోను చేశాడు. "అన్నా, బాడిగ రకం లాటు బాగుంది, కొననా?" రంగెలా ఉంది, తేమెంత, ఎవరి కొట్టు అని వరుసగా అడిగాను. తాలు సంగతి అడగబోతుండగా అటునుంచి మెల్లగా వినిపించింది.

"అమ్ముడుపోయిందన్నా."