మినీ పొక్లెయిన్‌కు క్యాబిన్ మార్చిన వైనం

బోల్తా పడిన మినీ పొక్లెయిన్‌ను హైడ్రా క్రేనుతో లేపి నిలబెట్టగానే, చూడటానికి వచ్చినవాళ్ళు దాదాపు అందరూ అన్న మాట ఒకటే: "ఇంజనుకు ఏమీ కాలేదు కదండీ, క్యాబిన్‌దేముంది, రేకు పని!" నాకు ఆ మాటతోనే పేచీ. ఆ 'రేకు పని' ఎలా సాగిందో చెబితే ఇలాంటి బండి ఉన్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది మూడున్నర టన్నుల జపాన్ బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పశ్చిమ గోదావరిలో వేసవికి కాలువలకు నీళ్ళు ఆపేశాక పంట బోదెల్లో పూడిక తీయడమే దానికి ముఖ్యమైన పని. గట్టు మీద నుంచి తవ్వుతుండగా అంచు జారింది. మా నల్లమట్టి పైకి ఎండి పగుళ్ళిచ్చి గట్టిగా కనిపిస్తుంది, అడుగున మాత్రం చెమ్మ అలాగే ఉంటుంది. బండి ఎడమవైపుకు ఒరిగి బోదెలో పడింది. తలుపు ఉండేది కూడా ఎడమవైపే కాబట్టి అది నేలకు అతుక్కుపోయింది. ముందు అద్దం చట్రం వంగి పైకి జరగలేదు. ఆపరేటర్ కుర్రాడు సీటు బెల్టు పెట్టుకుని ఉన్నాడు, కూర్చున్నచోటే ఉండిపోయాడు. లోపల తగిలించి ఉండే చిన్న సుత్తితో వెనక అద్దం పగలగొట్టుకుని గీతలతో బయటపడ్డాడు. బెల్టు బిగించకుండా దాని నాలుకను ఉత్తినే గుచ్చి ఉంచే ఆపరేటర్లు నాకు చాలామంది తెలుసు. వాళ్ళలో ఒకడై ఉంటే సంగతి వేరుగా ఉండేది.

బండి లేవగానే తాళం తిప్పబోయిన వాళ్ళను ఆపడం మొదటి పని అయింది. ఇంజను పక్కకు పడి ఉంటే ఆయిల్ సిలిండర్లలోకి చేరుతుంది. గాలి నలిగినట్టు ఆయిల్ నలగదు, ఆ స్థితిలో స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్గులు విప్పి, ఇంజనును చేత్తో తిప్పించి, లోపల చేరినదంతా బయటికి వచ్చాక, ఆయిల్ మార్చి అప్పుడు స్టార్ట్ చేశాం. ఇంజను కథ అంతటితో అయిపోయింది.

ఇక క్యాబిన్. ఎడమ ముందు స్తంభం లోపలికి వంగింది, పైకప్పు ఒక మూల దిగింది, తలుపు చట్రం మెలిపడింది. ఈ బండ్ల క్యాబిన్‌లో ఒకచోట చిన్న ప్లేటు ఉంటుంది. ఎవరూ చదవరు. మా దాని మీద ఐఎస్ఓ 12117 అన్న ప్రమాణం సంఖ్య, ఆ చట్రం ఎంత బరువు బండికి సరిపోతుందన్న అంకె ఉన్నాయి. మినీ పొక్లెయిన్ పక్కకు పడితే లోపలి మనిషి నలిగిపోకుండా కాపాడే చట్రానికి పెట్టిన ప్రమాణం అది, ఆ చట్రాన్ని పొట్టిగా టాప్స్ అంటారు. పరీక్షలో చట్రాన్ని పక్కనుంచి నెట్టి చూస్తారు. అది వంగకూడదని కాదు వాళ్ళ షరతు. వంగాలి, వంగుతూ ఆ దెబ్బ బలాన్ని మింగాలి, కూర్చున్న మనిషికి వదిలిన చోటులోకి మాత్రం రాకూడదు. అంటే మా క్యాబిన్ వంగి తన పని తాను చేసేసింది. ఒకసారి అలా సాగిపోయిన ఉక్కును కాల్చి, కొట్టి, నిటారుగా నిలబెట్టవచ్చు. రెండోసారి దెబ్బ తగిలితే అది ఎలా వంగుతుందో హామీ ఇచ్చేవాడు ఎవరూ లేడు. తయారీదారుల పుస్తకాలు కూడా ఆ చట్రానికి వెల్డింగ్ చేయవద్దు, రంధ్రాలు వేయవద్దు, వంగితే సరిచేయకుండా మార్చండి అనే చెబుతాయి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డువాళ్ళు ఫోటోలు చూసి, "చదరపు గొట్టాలతో కొత్తదే కట్టేస్తాం, కంపెనీదానికన్నా బలంగా ఉంటుంది" అన్నారు. లారీ బాడీ కట్టడంలో వాళ్ళ చేతికి తిరుగులేదు, అందులో అనుమానం లేదు. కానీ బలంగా ఉండటం వేరు, ఎంత దెబ్బకు ఎంత వంగాలో లెక్క ఉండటం వేరు. కొత్త క్యాబిన్ తెప్పిస్తామన్నారు డీలరు. ధర సరే, వచ్చేసరికి కాలువలకు నీళ్ళు వదిలేస్తారు, సీజను పోతుంది. క్యాబిన్ వదిలేసి నాలుగు కాళ్ళ మీద పైకప్పు మాత్రమే ఉండే కెనోపీ పెట్టుకోమని కూడా కొందరన్నారు. మే నెల ఎండలో వాళ్ళను ఒక పూట అందులో కూర్చోబెట్టాలనిపించింది.

చివరికి సెకండ్ హ్యాండ్ క్యాబిన్ వెతికాం. మొదట దొరికింది చవకే, రంగు కూడా మెరిసిపోతోంది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ లాగి చూస్తే లోపల మసి. కాలిపోయిన బండిది. మంటలో కాగిన ఉక్కు మీద నమ్మకం పెట్టలేం, వదిలేశాం. తర్వాత పంపు చెడి పార్టులుగా విప్పుతున్న బండి ఒకటి తగిలింది. మోడల్ పేరు ఒకటే అయినంత మాత్రాన సరిపోదని అక్కడ తెలిసింది: ఒక సీరియల్ నంబరు దాటాక వెనక బోల్టుల దూరం మార్చారట. రెండు బండ్ల ప్లేట్లూ ఫోటో తీసి, పార్టుల పుస్తకంలో చూసి, టేపుతో రంధ్రాల మధ్య దూరాలు కొలిచాకే బయానా ఇచ్చాం. స్తంభాల మొదట్లో వెల్డింగ్ మచ్చలున్నాయేమో వేలితో తడిమి చూడటం, టాప్స్ ప్లేటు మీది బరువు మన బండికి సరిపోతుందో లేదో చూడటం అసలు మర్చిపోకూడదు.

బీమా సంగతి క్లుప్తంగా. కాంట్రాక్టర్ల యంత్రాలకు ఇచ్చే పాలసీలో బీమా మొత్తం కొన్న ధరకు కాకుండా అలాంటి కొత్త బండి ధరకు రాయించాలి, లేకపోతే క్లెయిములో అదే నిష్పత్తిలో కోత పడుతుంది. మాది అలాగే రాసి ఉంది. సర్వేయర్ వచ్చి చూసి వెళ్ళేదాకా ఒక్క బోల్టు కూడా విప్పలేదు.

పని రైసు మిల్లు ఆవరణలో, గట్టి గచ్చు మీద పెట్టుకున్నాం. బకెట్, బ్లేడు నేలకు దించి, బకెట్‌ను మోసే చేయి, అంటే బూమ్‌ను, క్యాబిన్‌కు దూరంగా కుడివైపుకు తిప్పి, ఇంజను ఆపి, పైపుల్లో మిగిలిన ఒత్తిడి పోయేలా లివర్లు అటూ ఇటూ ఆడించి, బ్యాటరీ నెగెటివ్ తీసేశాం. మా బండిలో సీటు, లివర్లు, ఏసీ యూనిట్ అన్నీ కింది ఫ్రేముకే ఉన్నాయి, క్యాబిన్ గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. అందువల్ల హైడ్రాలిక్ పైపులు గానీ ఏసీ గ్యాసు గానీ ముట్టుకోవలసిన అవసరం రాలేదు. కొన్ని మోడళ్ళలో క్యాబిన్ తన అడుగుతో సహా లేస్తుంది, అక్కడ లివర్లకు వచ్చే పైలట్ ఆయిల్ పైపులన్నీ విప్పాలి, అది వేరే ప్రపంచం. వైపర్, లైట్లు, స్పీకర్ల వైర్లు కలిసే కప్లర్లను ఫోటో తీసి, ఒక్కొక్కదానికి గుడ్డ పేలిక కట్టి నంబరు రాశాం.

వెనక బోల్టులు మాట విన్నాయి. వంగిన స్తంభం కిందివి మొండికేశాయి. కుర్రాళ్ళు రెంచికి పైపు తొడిగి వేలాడబోతుంటే మేస్త్రిగారు ఆపారు. "తుప్పు కాదు బాబూ, క్యాబిన్ బరువు దాని మీద పడి ఉంది" అన్నారు. హైడ్రా బెల్టు తగిలించి కొద్దిగా, బండి లేవనంతగా, పైకి లాగి పట్టించారు. వాటిలో ఒకటి చేత్తో తిప్పినట్టే వచ్చింది. ఇంకో దాని నట్టు లోపలే తిరుగుతోంది. గ్యాస్ కట్టర్ తెస్తామన్నారు కానీ పక్కనే డీజిల్ ట్యాంకు, ఆయిల్ పైపులు. తడి గోనెలు కప్పి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, గ్రైండర్‌తో తల కోశాం.

ఎత్తేటప్పుడు తొందర పనికిరాదు. నాలుగు మూలలా బెల్టులు సమంగా ఉన్నా, తలుపు ఊడదీశాక బరువు ఒకవైపుకే ఉంటుంది. బెత్తెడు లేపి, ఆపి, వంపు చూసి, బెల్టు సరిచేసి మళ్ళీ లేపాం. లోపల లివర్లు నిలబడి ఉంటాయి కాబట్టి నిటారుగా పోవాలి. మూలకు తాడు కట్టి ఒకరు పట్టుకున్నారు. కింద ఎవరినీ ఉండనివ్వలేదు.

మూత తీశాక అసలు బండి కనిపించింది. ఏళ్ళనాటి బురద, ఎలుక గూడు, సగం కొరికిన ఒక వైరు. అన్నీ కడిగి, తుప్పు గీకి, రంగు వేశాం. నాకు భయం ఫ్రేము గురించే. అది మెలిపడి ఉంటే పైన ఏ క్యాబిన్ పెట్టినా దండగ. టేపుతో మూల నుంచి మూలకు రెండువైపులా కొలిస్తే తేడా రాలేదు. క్యాబిన్ కూర్చునే రబ్బర్లు, చుట్టూ వచ్చే స్పాంజి పట్టీ కొత్తవి వేశాం. సీటు బెల్టు కూడా మార్చాం, ఒకసారి మనిషి బరువును ఆపిన బెల్టు దానితో సరి.

బోల్టుల తలల మీద 10.9 అని ఉంటుంది, అది ఉక్కు బలాన్ని చెప్పే అంకె. పక్క ఊరి కొట్టులో అదే లావు, అదే పొడవు 8.8 దొరుకుతుంది, చూపుకు తేడా తెలియదు. 10.9 ఉక్కు ఇంచుమించు 1000 మెగాపాస్కల్ లాగుడుకు నిలుస్తుంది, 8.8 అయితే 800. చట్రం ఎంత గట్టిదైనా అది బండిని పట్టుకునేది ఈ బోల్టులతోనే. భీమవరం మనిషిని పంపి సరైనవే తెప్పించాం.

దించేటప్పుడు ఎదురెదురు మూలల్లో తలలేని పొడవాటి బోల్టులు రెండు దారి చూపడానికి నిలబెట్టాం. అయినా ఒక రంధ్రం కాస్త తప్పింది. "రీమర్ పెట్టి రంధ్రం పెద్దది చేస్తే నిమిషం పని" అన్నాడు ఒక కుర్రాడు. మేస్త్రిగారు సమాధానమివ్వకుండా హైడ్రాను కొద్దిగా వదలమని సైగ చేసి, గడ్డపార మొనతో క్యాబిన్‌ను అంగుళంలో పావు జరిపారు. అన్ని బోల్టులూ ముందు చేత్తో ఎక్కించి, ఆ తర్వాత ఎదురెదురుగా, పుస్తకంలో రాసిన లెక్కకు టార్క్ రెంచితో బిగించాం.

వైరింగ్ కలిపాక లైట్లు వెలిగాయి, వైపర్ కదలలేదు. మోటారు పోయిందనుకున్నాం. చూస్తే ఎర్త్ వైరు బిగించిన చోట మేం కొట్టిన కొత్త రంగే అడ్డం. గీకితే కదిలింది. సేఫ్టీ లివర్ ఎత్తితే ఏ పనీ చేయకూడదు, అది చూశాం. లివర్లు చివరిదాకా తోసినా అద్దానికి తగలకూడదు, బూమ్ ఎడమకు తిప్పి బకెట్ దగ్గరికి లాక్కున్నా స్తంభానికి తగలకూడదు, అవీ చూశాం. నీళ్ళ పైపు పెట్టి కొడితే పైకప్పు మూల నుంచి కారింది, సీలెంట్ పెట్టాం. కొన్ని గంటలు నడిచాక బోల్టులు మళ్ళీ బిగిస్తే ముందువి రెండూ కాస్త తిరిగాయి. రబ్బర్లు సర్దుకునేటప్పుడు అది మామూలే.

పాత క్యాబిన్ కోసం షెడ్డు నుంచి ఫోను వచ్చింది. "సరిచేసి ఎవరికైనా అమ్ముకుంటాం, ఇచ్చేయండి" అన్నారు, పాత ఇనుము ధర కన్నా బాగా ఎక్కువే చెప్పారు. సర్వేయర్ సరేనన్నాక నాలుగు స్తంభాలూ మధ్యకు కోయించి, టాప్స్ ప్లేటు ఊడబీకి, తూకానికి వేశాను.